పెళ్లి సీను లేని సినిమా

"సార్, మీ హీరోయిన్ కారిపోతున్నది!"

గొడుగు కింద నిలబడి నవ్వుతున్న అమ్మాయి వైపు మహిపాల్ కోపంగా చూశాడు. తర్వాత హీరోయిన్ వైపు చూశాడు. నిజమే. ఎల్లారెడ్డి వానకు నిరోష బుగ్గల మీది చామనఛాయ మెడ దాకా దిగింది.

మహిపాల్‌కు కామారెడ్డిలో పెళ్లి వీడియోల స్టూడియో ఉంది. నవ్వుతూ అత్తారింటికి పోయే పెళ్లికూతురిని కూడా అప్పగింతల్లో ఏడిపించగలడని పేరు. ఆ ధైర్యంతోనే 2013లో సొంత సినిమా మొదలుపెట్టాడు. తండా అమ్మాయి కథ. అందులో తండా అమ్మాయి తప్ప అందరూ ఉన్నారు. ఇంట్లో వాడే తెల్లబడే క్రీము, నిరోషకు పూసిన నల్లరంగు ఒకే కొట్లో కొన్నాడు.

నవ్విన అమ్మాయి తుల్సి. పక్క తండాయే. కామారెడ్డిలో డిగ్రీ చదువుతోంది. వాళ్లమ్మ తొడుక్కునే తెల్లగాజులు షూటింగ్ కోసం ఇవ్వడానికి వచ్చింది.

"ఎందుకు నవ్వుతున్నవ్?"

"నా రంగు చూడుండ్రి. ఎంత వాన పడ్డా గిట్లనే ఉంటది. నన్నడిగితే అయిపోతుండె కదా?"

"అంటే... కెమెరాకు ఫేస్ సెట్ కావాలె."

"తండా పిల్లకు తండా పిల్ల ఫేస్ సెట్ కాదా?"

మహిపాల్ లైటింగ్ గురించి ఏదో చెప్పాడు. అతనికే అర్థం కాలేదు.

"ఇంకోటి సార్. మోచేతి మీద గీ తెల్లగాజులు మా తండాల పెండ్లయినోళ్లే వేస్తరు. మీ హీరో ఎవరి పెండ్లాం ఎంబడి పడుతున్నడు?"

యూనిట్ అంతా నవ్వింది. యూనిట్ అంటే ముగ్గురే. తుల్సి గాజులు తీసుకుని వెళ్లిపోయింది. దురద పెడుతోందని నిరోష కామారెడ్డి బస్సెక్కింది.

తీసిన షాట్లు మహిపాల్ మళ్లీ మళ్లీ చూశాడు. హీరోయిన్ వెనకాల, గొడుగు కింద నవ్వుతున్న పిల్ల దగ్గరే కన్ను ఆగిపోతోంది. ఫేస్ బాగానే సెట్ అయింది.

తండాకు వెళ్లేసరికి తుల్సి మక్క కంకులు ఒలుస్తోంది.

"వేషం నువ్వే చెయ్యాలె తుల్సీ."

"మరి ఫేస్?"

"తప్పు కెమెరాది."

"పాపం దాన్ని అనకుండ్రి. మీరు ఎటు తిప్పితే అటు చూస్తది."

"సరే, నాదే తప్పు."

"గట్ల చెప్పుండ్రి. చేస్త. కాని మీ కథల గా పిల్ల పొద్దున లేస్తే ఏడుసుడే. మేం నవ్వుతం సార్. పరీక్షలు రాస్తం, కొట్లాడుతం. గవి గూడ పెట్టుండ్రి."

పెట్టాడు. బాగా వచ్చిన షాట్లకు కూడా "వన్ మోర్" అన్నాడు.

"ఏం తప్పు చేసిన?"

"ఏం లేదు. ఊరికెనే."

చివరికి పెళ్లి సీను మిగిలింది. తెల్లగాజులు తొడగబోతే తుల్సి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"షూటింగ్ కోసం తొడుక్కోను. నిజం పెండ్లికే."

మహిపాల్ గొంతు సవరించుకున్నాడు. "నిజం పెండ్లి... నాతోని అయితే?"

తుల్సి ఈసారి నవ్వలేదు. "మీ అమ్మ తండాకు వచ్చి అడగాలె. మిమ్మల్ని చూసి కాదు. నన్ను చూసి."

మహిపాల్ తల్లి అనసూయమ్మ తనకు కులం పట్టింపులు లేవని అందరికీ చెబుతుంది. చెప్పేముందు ఎదుటివాళ్ల కులం కనుక్కుంటుంది. కొడుకు ఆ మాట ఇంట్లో ఎత్తకుండానే సినిమా పూర్తి చేశాడు.

2014లో కామారెడ్డి ఫంక్షన్ హాల్లో సినిమా వేశారు. తమ తండా మాట తెర మీద వినబడగానే వెనక వరుసల్లోంచి తండా ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. ముందు వరుసలో మురుకుల పొట్లంతో అనసూయమ్మ. తెర మీద తుల్సి ఏడిస్తే ఆమె మురుకులు తింది. పరీక్ష పాసై నవ్వుతుంటే మాత్రం కళ్లు తుడుచుకుంది.

దీపాలు వెలిగాయి.

"పెండ్లేదిరా?"

"తియ్యలేదమ్మా. నిజం పెండ్లయితేనే గాజులు తొడుక్కుంటదట."

"ఎవలతోని?"

మహిపాల్ చెప్పుల వైపు చూశాడు. అనసూయమ్మ వెనక్కి తిరిగింది. తండా ఆడవాళ్ల మధ్య తుల్సి లేచి నిలబడి, ఈమెనే చూస్తోంది. ఏ రంగూ పూసుకోలేదు. అనసూయమ్మ చాలాసేపు చూసింది. కులం అడగాల్సిన పని లేకపోవడంతో ఏం మాట్లాడాలో తోచలేదు.

పొట్లం మడిచి సంచిలో పెట్టింది.

"పెండ్లి లేని సినిమా ఎవలు చూస్తరురా? రేపు పొద్దుగాల ఎల్లారెడ్డి బస్సు ఎన్నింటికున్నది?"