జమ్లీ గొంతు ఎవరిది?

పొద్దున ఆరింటికి మహబూబాబాద్ రైలు పట్టాల పక్కన ఏజెంట్ లచ్చిరాం శవం దొరికింది. మెడ మీద సన్నటి సూది గాయం. భుజానికి ఉండాల్సిన బ్యాగు లేదు.

పదకొండింటికి జనగామలో ఓ టిఫిన్ సెంటర్ మేడ మీద నిఘా విభాగం చీఫ్ సరోజన, ఏజెంట్ శశిధర్‌కు పని అప్పగించింది.

"సరిగ్గ విను. మహబూబాబాద్ పక్క తండాల ప్రేమ్‌చంద్ అని ఒకాయన ఉన్నడు. వాళ్లమ్మ జమ్లీ గొంతుతోటి, ఏఐ టూల్ వాడి ఒక పాట చేసిండు. ఇప్పుడు ఊరూరా అదే మోగుతుంది. ఎకో అనే విదేశీ ముఠా ఆ ఫైల్ కొట్టేసింది. పాటా గొంతూ రెండూ మా మెషీన్ పుట్టించినవే అని విదేశీ కాపీరైట్ రిజిస్ట్రీల క్లెయిమ్ వేసింది."

"పాట కోసం లచ్చిరామన్నను చంపిన్రా మేడం?"

"గొంతు కోసం. రేపు ఏ పుకారైనా జమ్లీ గొంతుతోనే తండాలకు పంపుతరు. జనం నమ్ముతరు. మనం అడ్డం పోతే, గొంతు మాదే అని కాగితం చూపెడుతరు. ఇయ్యాల నాలుగింటికి ఆన్‌లైన్ విచారణ ముగుస్తది. ఆ లోపల మనం రుజువు చెయ్యకపోతే ఆ క్లెయిమ్ ఖాయం."

"రుజువు ఏముంది?"

"ప్రేమ్‌చంద్ దాచుకున్న డ్రాఫ్టులు. లచ్చిరాం దగ్గరి కాపీ పోయింది. ఇంకోటి ప్రేమ్‌చంద్ ల్యాప్‌టాప్‌ల ఉంది. తల్లీకొడుకులు భూపాలపల్లిల, చుట్టం ఇంట్ల, బొగ్గుగని క్వార్టర్ల దాక్కున్నరు. ఎకోల ఉన్న మన డబుల్ ఏజెంట్ ప్రియదర్శిని అక్కడికే వస్తది. ఆమె 'ఫ్యాన్ తిరుగుతుందా?' అంటది. నువ్వు 'గాలి మాత్రం రాదు' అను."

ఎలక్ట్రీషియన్ వేషంలో, భుజాన నిచ్చెనతో శశిధర్ ఆ క్వార్టర్ తలుపు తట్టేసరికి మూడుంపావు దాటింది. ప్రేమ్‌చంద్ కళ్లు ఎర్రగా ఉన్నాయి. జమ్లీ గోడకు ఆనుకుని, మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని కూర్చుంది.

కాసేపటికి ఆకుపచ్చ షిఫాన్ చీరలో, నల్ల కళ్లద్దాలతో ప్రియదర్శిని లోపలికి వచ్చింది.

"ఫ్యాన్ తిరుగుతుందా?"

"గాలి మాత్రం రాదు."

ఆమె నవ్వి హ్యాండ్‌బ్యాగులోంచి పెన్‌డ్రైవ్ తీసింది. "కాపీ తీసి నేరుగా రిజిస్ట్రీకి పంపేస్తాను."

ప్రేమ్‌చంద్ శశిధర్ వైపు చూశాడు. శశిధర్ సరేనని తలూపాడు.

ప్రియదర్శిని దాన్ని ల్యాప్‌టాప్‌కు పెట్టగానే టప్పుమని చప్పుడు. ల్యాప్‌టాప్‌లోంచి పొగ లేచింది. అది పెన్‌డ్రైవ్ కాదు, లోపలికి హైవోల్టేజ్ కొట్టే పరికరం. శశిధర్ లేచేలోపే ఆమె చేతిలో పిస్టల్ ఉంది.

"లచ్చిరాం కూడా ఇలాగే నమ్మాడు," అంది ప్రియదర్శిని. బయటికి వెళ్లి గడియ పెట్టింది. కారు స్టార్టయింది.

రోడ్లు మూయించమని శశిధర్ సరోజనకు ఫోన్ చేశాడు. తన ఒక్క తల ఊపుతో అంతా బూడిదైంది. టైమ్ మూడూ నలభై.

ప్రేమ్‌చంద్ కాలిపోయిన ల్యాప్‌టాప్‌ను ఒళ్లో పెట్టుకుని నేల మీద కూలబడ్డాడు. "నలభై ఒక్క మారు అన్నా... నలభై ఒక్క మారు తీసేసిన."

"ఏంది తీసేసినవ్?"

ప్రేమ్‌చంద్ తల్లి వైపు చూసి గొంతు తగ్గించాడు. "రెండో చరణం చివర్ల మా యాడి, అదే మా అమ్మ, రెండు సెకన్లు ఆగుతది. అక్కడ మా చెల్లె పేరుండె. రామి. జరమొచ్చి సచ్చిపోయింది. అప్పటిసంది అమ్మ ఆ పేరు పాడది. మెషీన్‌కు ఖాళీ నచ్చదన్నా. ఎన్నిసార్లు చేసినా అక్కడ ఏదో ఒక కూత పెట్టేది. నేను తీసేసేది."

శశిధర్ ఉలిక్కిపడ్డాడు. "అదే రుజువు! ఆ ఖాళీల ఏముండెనో ఎకోకు తెల్వదు. అమ్మను ఆ పేరు పెట్టి పాడమను."

"వద్దన్నా. తొమ్మిదేండ్లాయె ఆ పేరు నోట్లకెళ్లి రాక. పాట పోతే పోనీ."

"నా బిడ్డ జాగల మిషిన్ల ఎవడో కూసుంటడా?" జమ్లీ మాట గరుకుగా వచ్చింది. "ఆ ఫోన్ తేండ్రి."

శశిధర్ ఫోన్‌లో విచారణ లింక్ తెరిచేసరికి మూడూ యాభై ఏడు. తెర మీద విచారణాధికారి, ఎకో లాయరు, తెలుగు దుబాసీ.

"డ్రాఫ్టులు ఉన్నాయా?" అడిగాడు అధికారి.

"కాల్చేసిన్రు సార్. ఒక్క ప్రశ్న. రెండో చరణం చివర పాట ఎందుకు ఆగుతుందో వాళ్లను అడగండి."

"మా మెషీన్ స్టైల్ అది. డ్రమాటిక్ పాజ్," అన్నాడు లాయరు తడుముకోకుండా.

జమ్లీ ఫోన్ ముందుకు జరిగింది. చరణం ఎత్తుకుంది. ఆ చోటు రాగానే ఆమె పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. మూడూ యాభై ఎనిమిది. మళ్లీ ఎత్తుకుంది. మళ్లీ ఆగింది. ప్రేమ్‌చంద్ ఏడుస్తూ తల్లి భుజం పట్టుకున్నాడు. "ఇడిసెయ్యి యాడీ."

ఆమె కొడుకు చెయ్యి తోసేసి కళ్లు మూసుకుంది. మూడోసారి గొంతు చీలిపోతూ వచ్చింది.

"రామీ..."

అధికారి ఆ గొంతును ఎకో ఫైల్ మీద పరిచి చూశాడు. రెండు సెకన్ల ఖాళీలో ఆ పేరు వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంది.

"ఈ పాట ఈమెది, ఈమె కొడుకుది. టూల్ ఎవరిదైనా సరే. క్లెయిమ్ కొట్టేస్తున్నాను."

గడియారంలో నాలుగు కావడానికి ఇంకా ఆరు సెకన్లున్నాయి.

పరకాల రోడ్డులో బొగ్గు లారీల వరుసలో ఇరుక్కున్న కారులోంచి ప్రియదర్శినిని దించారని సాయంత్రం సరోజన ఫోన్ చేసింది. జమ్లీ ఏడ్చి ఏడ్చి, చివరికి మొహం కడుక్కుని చాయ్ తాగింది. చుట్టం వచ్చి గడియ తీశాక, శశిధర్ నిచ్చెన భుజాన వేసుకుంటూ తెలియకుండానే ఆ పాట కూనిరాగం తీశాడు.

జమ్లీ గ్లాసు కింద పెట్టి అతని వైపు జాలిగా చూసింది.

"నువ్వు పాడకు బిడ్డా. నీకైతే ఆ మిషినే నయం."