ఎడమ మలుపు

లిఫ్టు మీద జీపు చక్రాలు నాలుగూ గాల్లో తిరుగుతున్నాయి. కింద నిలబడిన పైడితల్లి వాటికేసే చూస్తోంది.

ఆ ఏడాది పాడేరు కొండలన్నీ నిశ్శబ్ద మండలం అయిపోయాయి. చప్పుడు చేసే బండి ఘాట్ రోడ్డు ఎక్కకూడదు, ఎక్కితే నేరుగా తుక్కుకే. పైడితల్లి జీపు మామూలుగా బుద్ధిగానే పోతుంది. ఫోర్‌వీల్ లివరు లాగితే మాత్రం కడుపులోంచి ‘గర్ర్... టక్’ అంటుంది. ఒక మెకానిక్కు బేరింగులు మార్చాడు, ఇంకొకడు ప్రొపెల్లర్ షాఫ్టే మార్చాడు. గర్ర్, టక్. చనిపోయిన మొగుడు సన్నాసిరావుకి ప్రాణమైన బండి అది. దాన్ని తుక్కుకిస్తే ఇక తనకంటూ ఏం మిగలదని ఆమె భయం.

ఆఖరికి డాక్టర్ వారిజ లేబొరేటరీకి తెచ్చింది. అక్కడ ‘లోహశ్రుతి’ అనే కొత్త యంత్రం ఉంది. నడకను బట్టి చెప్పు అరిగినట్టే, డ్రైవరు అలవాటును బట్టి గేరు అరుగుతుంది. లోహశ్రుతి ఇసుకరేణువుకన్నా చిన్న యంత్రాలను నూనెలో కలిపి లోపలికి పంపుతుంది. అవి గేరు పళ్లను తడిమి, ఆ అరుగుదల ఎలా వచ్చిందో చెబుతాయి.

“ఏటి డాక్టరమ్మా, దొరికిందా?”

“దొరికింది. రోగం ట్రాన్స్‌ఫర్ కేసులో ఉంది. ఇంజను బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె అది. ఫోర్‌వీల్ బురదకోసం. పొడి తారు మీద ఫోర్‌వీల్ వేసి మలుపు తిప్పితే గేర్లు ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. మీ ఆయన ఏళ్ల తరబడి అదే చేశాడు. ప్రతిసారీ ఎడమ మలుపే, ఆ వెంటనే బండి ఆగింది. తెలిసిన డ్రైవరు చేసే పని కాదమ్మా ఇది!”

పైడితల్లి కూలబడింది.

“అది మా ఇంటి కాడి మలుపమ్మా. ఆ సప్పుడు ఇనగానే నాను సారు గిన్నె పొయ్యిమీద పెట్టీదాన్ని. మావ కాళ్లు కడుక్కునేసరికి పొగలు కక్కీది. ఊరంతా లేపేత్తన్నావ్, బండి బాగుసేయించుకోవయ్యా అని రోజూ తిట్టీదాన్ని. నవ్వీవోడే గానీ, నీకోసమేనే అని ఒక్కనాడు సెప్పలేదు.”

ఆమె గబుక్కున లేచింది. “ఆపీయమ్మా! బాగుసెయ్యొద్దు. తుక్కుకిచ్చే ముందు ఒక్కపాలి ఇంటాను.”

వారిజ ముఖం పాలిపోయింది. లోహశ్రుతి గొప్పతనమే అది. తడిమిన పన్నునల్లా తడుముతూనే కొత్త లోహంతో నింపేస్తుంది. కారణం తెలిసేసరికి చప్పుడు పోయింది.

“పోనీ, ఆ సప్పుడు ఎక్కడైనా దాసిందా మీ మిసను?”

“రోగాన్ని ఎవరు దాస్తారమ్మా?” అనేసి, అన్నందుకు వారిజ తల దించుకుంది.

చప్పుడు లేదని అంటించిన పచ్చ స్టిక్కరుతో జీపు కొండెక్కింది. మొగుణ్ని ఇన్నేళ్లు పోరినా సాధించలేనిది పైడితల్లి ఇవాళ సాధించింది. ఆమెకు వెక్కి వెక్కి ఏడుపొచ్చింది.

ఇంటి దగ్గరి మలుపు వచ్చింది. రోడ్డు పొడిగా ఉంది. ఆమె ఫోర్‌వీల్ లివరు లాగింది. బండి కిక్కురుమనలేదు. ఇంటి ముందుకి పోయి, వెనక్కి తిప్పుకొచ్చి, మళ్లీ అదే మలుపులో లాగింది, ఎన్నాళ్లకైనా మళ్లీ అరుగుతుందిలే అని.