మిస్ అనే ఒక్క మాట

రేవులో నిలబడి ఆ తెల్లావిడ ఏడుస్తుంటే ఫాయ్ గుండె కరిగిపోయింది.

"ఐ మిస్డ్ మై హస్బెండ్!" అంటోంది ఆవిడ. ఎండకు కందిన మొహం, భుజాన ఇంత సంచి.

ఎంత ప్రేమో! ఫాయ్ ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అమ్మ కొట్టు ముందున్న బల్ల మీద కూర్చోబెట్టింది. కొబ్బరి బొండాం కొట్టించి ఇచ్చింది. తనకొచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకుని, "లవ్ ఈజ్ గుడ్. హస్బెండ్ ఆల్సో మిస్ యూ," అంటూ వీపు నిమిరింది.

ఆవిడ ఇంకా గట్టిగా ఏడ్చింది. బొగ్గుల మీద స్క్విడ్ చేపలు కాలుస్తున్న అమ్మ కూడా కళ్లు తుడుచుకుంది. జాలో, పొగో తెలీదు.

అంతలో టికెట్ల గదిలోంచి గోల్ఫ్ పరుగెత్తుకొచ్చాడు. ఆ కుర్రాడు మా త్రాత్ రేవుకి కొత్తగా వచ్చాడు. మా థాయి దేశంలో పిల్లలకి గోల్ఫ్ లాంటి ముద్దుపేర్లు మామూలే, వాటితోనే ముసలివాళ్లయిపోతారు.

"మేడమ్, విచ్ బోట్?" అన్నాడతను.

ఆవిడ వేలు చూపించింది. మాక్ దీవికి వెళ్లే పడవ తాడు విప్పుకుని కదులుతోంది. దాని వెనక కొసన ఒక బట్టతలాయన నిలబడి రెండు చేతులూ పిచ్చిపట్టినట్టు ఊపుతున్నాడు.

గోల్ఫ్ ఈల వేశాడు, అరిచాడు, గొడుగు తిప్పాడు. చివరికి పడవ విసుక్కుంటూ వెనక్కొచ్చింది. ఆవిడను బొండాంతో సహా ఎక్కించి వచ్చి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"ఏంటా నవ్వు?" అంది ఫాయ్.

"ఆవిడకి మొగుడి మీద బెంగా గింగా ఏమీ లేదు. ఆయన ఎక్కిన పడవ అందుకోలేకపోయింది. నువ్వేమో కూర్చోబెట్టి, ఓదార్చి, ఉన్న కాస్త టైమూ తినేశావ్!"

"మిస్ అంటే ఖిత్ తుంగ్ కదా?"

తలపు వెళ్లి మనిషిని తాకితే మావాళ్లు దాన్ని ఖిత్ తుంగ్ అంటారు, బెంగ అన్నమాట. బడిలో ఫాయ్‌కి చెప్పింది అదొక్కటే.

"ఖిత్ తుంగ్ కూడా. ఫ్లాత్ కూడా. చేతికందాల్సింది జారిపోయినా మిస్సే."

సాయంత్రానికి రేవంతా ఆ కథే. పడవల వాళ్లు అరిటాకు చీల్చి పట్టీలా ఆమె భుజాన వేసి, "ఈ ఏటి అందగత్తె, మిస్ ఖిత్ తుంగ్!" అని చప్పట్లు కొట్టారు. ఫాయ్ ఆ ఆకుని తీసి, శుభ్రంగా కడిగి, దాని మీదే స్క్విడ్ పెట్టి అమ్మేసింది. కానీ ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఎందుకంటే ఆమెకి ఇంగ్లీషు సరదా కోసం కాదు. వాళ్ల నాన్న స్క్విడ్ పడవ మనిషి. ఏ పగడపు దిబ్బ దగ్గర ఏ చేప తిరుగుతుందో చిన్నప్పుడే కూతురికి నీళ్లలో ముంచి మరీ చూపించాడు. ఆ దిబ్బల్ని జనానికి తనే చూపించాలని ఫాయ్ పట్టుదల. దానికి గైడ్ లైసెన్సు కావాలి. లైసెన్సుకి ఇంగ్లీషు పరీక్ష. కిందటిసారి మాటల పరీక్షలోనే పోయింది. ఈసారి కూడా పోతే బ్యాంకాక్‌లో పిన్ని కుట్టుకొట్టుకి పంపేస్తానని అమ్మ తేల్చి చెప్పేసింది.

మర్నాడు టికెట్ల కిటికీలోంచి ఒక పొట్లం లోపలికి వచ్చింది. దాని వెనకే ఫాయ్ మొహం.

"పీ గోల్ఫ్, నాకు ఇంగ్లీషు చెప్పండి." వయసులో పెద్దవాడు కాబట్టి పీ అంది. "రోజూ స్క్విడ్ తెచ్చిపెడతాను."

"రోజుకి పది మాటలు నేర్పనా?"

"ఒక్క మాట చాలు. కానీ దానికెన్ని అర్థాలున్నాయో అన్నీ కావాలి."

"ఏ మాట?"

"నా పరువు తీసిందే, అది."

అతను నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. పొట్లం విప్పి నిమ్మకాయ అంతా పిండేసుకుని, పాఠం మొదలుపెట్టాడు.

"పడవ మిస్ అయితే?"

"తోక్ రువా. కానీ పీ, అది పడవలోంచి పడిపోవడం కూడా కదా?"

"మనవాళ్ల లెక్కలో ఎక్కలేకపోయినా పడినట్టే. సరే, సంచి మిస్ అయితే?"

"పోయినట్టు. హాయ్."

"చూసుకో! సంచి పోయి ఏడుస్తున్న దొరసాని దగ్గరికెళ్లి 'హాయ్' అన్నావంటే కొడుతుంది."

ఆమె నవ్వింది. నవ్వినప్పుడు ముక్కు మీద చిన్న ముడత పడుతుందని గోల్ఫ్ అప్పుడే గమనించాడు. తర్వాత చెప్పిన అర్థాన్నే ఇంకోసారి చెప్పాడు.

వానలు ముదిరాయి. పడవలు తగ్గాయి, పాఠాలు పెరిగాయి. రేకుల మీద వాన మోతకి ఒకరి మాట ఒకరికి వినబడక కుర్చీలు దగ్గరికి జరిగాయి. మోత తగ్గాక వెనక్కి జరపాలని ఇద్దరికీ తోచలేదు. ఒకే గొడుగులో కొట్టు దాకా వచ్చేవాళ్లు. అతని ఎడమ భుజం ఎప్పుడూ తడిసే ఉండేది.

"నీ గొడుగు చిన్నదా, నీ మనసు పెద్దదా?" అని అమ్మ ఒకసారి అడిగేసింది. గోల్ఫ్ చెవులు ఎర్రబడ్డాయి.

అలాంటప్పుడే పడవల కంపెనీ అతన్ని సముయ్ దీవి రేవుకి మార్చింది. ఇక్కడ వానలైతే అక్కడ ఎండలు, జనం. తెల్లారి బస్సు. కొట్టు ముందు నిలబడి అతను ఏదో చెప్పబోయాడు. సరిగ్గా అప్పుడే నలుగురు గిరాకీలొచ్చారు. "బాగా చదువు," అని మాత్రం అని వెళ్లిపోయాడు.

బస్సెక్కాక ఫోన్లో మెసేజ్ పెట్టాడు, ఇంగ్లీషులో. థాయిలో రాయడానికి సిగ్గేసింది మరి.

"ఐ డోంట్ వాంట్ టు మిస్ యూ."

ఫాయ్ చదివింది. మళ్లీ చదివింది. నీ మీద బెంగపెట్టుకోవడం నాకిష్టం లేదు, అంటున్నాడు. ఎంత మర్యాదగా చెయ్యి దులుపుకున్నాడు! ఆమె వెంటనే జవాబు కొట్టింది: "ఓకే. నో ప్రాబ్లమ్."

అటునుంచి ఇంకేమీ రాలేదు.

"ఆ అబ్బాయి ఫోన్ చేశాడా?" అంది అమ్మ.

"నన్ను తలుచుకోడట. తలుచుకోమని ఎవరు బతిమాలారు?"

ఇక ఆ పిల్ల చదివిన చదువు మామూలు చదువు కాదు. ఒక చేత్తో స్క్విడ్‌లు తిప్పుతూ వాటితోనే ఇంగ్లీషు మాట్లాడింది. కనబడిన ప్రతి విదేశీయుణ్ణీ ఆపి, వాళ్లే పారిపోయేదాకా ప్రశ్నలు అడిగింది. ఏడుపొస్తే ఉల్లిపాయలు తరిగింది.

పరీక్ష పొరుగూరు చంతబురిలో. బల్లకి అవతల కళ్లజోడు పెట్టుకున్న పెద్దావిడ కూర్చుంది. పగడాల గురించి అడిగింది, లైఫ్ జాకెట్ల గురించి అడిగింది. ఫాయ్ తడుముకోకుండా చెప్పింది.

"చివరి ప్రశ్న. నీ యాత్రికుడు 'ఐ డోంట్ వాంట్ టు మిస్ ద సన్‌సెట్' అన్నాడు. ఏం చేస్తావు?"

"ముందే బయల్దేరదీసి పడమటి ఒడ్డుకి తీసుకెళ్తాను మేడమ్. సూర్యుడు చేజారిపోకుండా..."

ఫాయ్ ఆగిపోయింది.

చేజారిపోకుండా!

"ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని పెద్దావిడ థాయిలోకి దిగింది.

"మేడమ్, ఒక అబ్బాయి అమ్మాయితో... ఐ డోంట్ వాంట్ టు మిస్ యూ అంటే, దేన్ని వద్దంటున్నట్టు? బెంగనా, పోగొట్టుకోవడాన్నా?"

ఆవిడ కళ్లజోడు తీసింది. "రెండూ కావచ్చు. ఇది పరీక్ష పెట్టేవాళ్లకి తెలిసే సంగతి కాదు. పంపినవాణ్ణే అడుగు. నువ్వు పాసయ్యావు, ఇక వెళ్లు."

బస్టాండుకి పరుగెత్తుతూనే ఫాయ్ ఇంటికి ఫోన్ చేసింది.

"అమ్మా, పాసయ్యాను!"

అమ్మ అరిచిన అరుపుకి రేవు కాకులు లేచే ఉంటాయి. "తొందరగా రా, నాన్న పీత వండుతున్నాడు."

"ఇప్పుడు రాను. సముయ్ వెళ్తున్నాను."

అవతల పట్టకారు ఠంగుమని బొగ్గుల్లో పడింది.

"ఆ నిమ్మకాయలు పిండుకునేవాడి కోసమా?"

"ఊఁ."

"వాడు రమ్మన్నాడా?"

"లేదు. నేనే వెళ్లి అడుగుతాను. కాదంటే ఏడుస్తూ వచ్చేస్తాను. కానీ సరిగ్గా తెలుసుకోకుండా మాత్రం ఉండలేనమ్మా."

"బస్సులో చలేస్తుంది, స్వెటర్ కొనుక్కో. నాన్నకి నేను చెప్తాలే," అంది అమ్మ.

రెండు బస్సులు, ఒక పెద్ద పడవ మారి, నలిగిన బట్టలతో ఆమె సముయ్ రేవులో దిగేసరికి ఎండ కాస్తోంది. గోల్ఫ్ మైకు పట్టుకుని గట్టిగా చెబుతున్నాడు: "తిరుగు పడవ ఎక్కేవాళ్లు ఎడమ వరసలో..."

మాట అక్కడే తెగిపోయింది.

ఫాయ్ తిన్నగా వెళ్లి అతని ముందు నిలబడింది. "నువ్వు పంపిన మాటకి థాయిలో అర్థం చెప్పు." ఈసారి పీ లేదు, మీరు లేదు.

"నువ్వు నో ప్రాబ్లమ్ అన్నావుగా," అన్నాడతను పీలగా.

"ఇంగ్లీషు చాలు. థాయిలో."

అతను గొంతు సవరించుకున్నాడు. "నిన్ను పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. రోజూ నీ మీద బెంగే. నువ్వంటే ప్రేమ."

మైకు కట్టెయ్యలేదని వరసంతా ఈలలు వేశాక గానీ అతనికి తెలియలేదు. ముందు నిలబడ్డ పనసకాయల ముసలమ్మ, "పిల్లా, తొందరగా అవునని చెప్పు. ఎండకి నా కాయలు పండిపోయేలా ఉన్నాయి," అంది.

"నాకూ ప్రేమే," అంది ఫాయ్, మైకు లాక్కుని, అందరికీ వినబడేలా. "కానీ వానలు ఆగాక మా రేవుకొచ్చి నాన్నతో మాట్లాడాలి. నేను మాత్రం మా దిబ్బలు వదిలి ఎక్కడికీ రాను. ఇప్పుడు నేను గైడ్‌ని."

"మీ రేవుకి రేపే మారుస్తారేమో అడుగుతాను," అన్నాడు గోల్ఫ్.

ఫోన్ మోగింది. అమ్మ. ఫాయ్ స్పీకర్ పెట్టి అతని చేతికిచ్చింది.

"ఏం బాబూ, మా పిల్ల చేరిందా?"

"చేరిందండి. జాగ్రత్తగా చూసుకుంటానండి."

"అది సరే. శుభలేఖ మీద గోల్ఫ్ అని వేయిస్తే మా ఆయన పరువు పోతుంది. నీ అసలు పేరేంటి?"

ఫాయ్ ఉలిక్కిపడింది. ఇంత దూరం వచ్చింది గానీ, ఆ సంగతి తనకీ తెలియదు.

"తన్వరత్ అండి," అన్నాడతను, ఫోన్లోకి చెబుతున్నా ఆమెనే చూస్తూ.

"తన్వరత్," అని ఫాయ్ మెల్లగా, మొదటిసారి పలికి చూసుకుంది.