ఒరిగిన సింహాల బిళ్ల

దబీర్‌పురా స్టేషన్‌లో లోకల్ రైలు దిగిన ఆనందరావు ఏడడుగులు నడిచాడు. ఎనిమిదో అడుగు పడలేదు. జనం గుండెపోటన్నారు. మెడ వెనక సూదిమొనంత చుక్క చూసిన డాక్టర్ మాత్రం విషమని రాశాడు.

రెండు రోజుల తర్వాత మలక్‌పేటలోని ఒక ట్రావెల్స్ ఆఫీసు వెనకగదిలో ఆయన జేబు చిల్లర టేబుల్ మీద పరిచారు. బోర్డు ట్రావెల్స్‌దే గానీ లోపల జరిగేది గూఢచారి విభాగం పని. ఏజెంట్ వాగ్దేవి ఒక్కో బిళ్లా తీసి వెలుతురుకు పెట్టి చూస్తోంది. ఈ ఉద్యోగంలో ఆమెకు ఓనమాలు దిద్దించింది ఆనందరావే. చేతికొచ్చిన చిల్లరలో మింట్ పొరపాట్లు వెతకడం ఆయనకు పిచ్చి. ఆ పిచ్చి ఆమెకూ అంటించి పోయాడు.

"ఇదేగా టోకెన్?" చీఫ్ గోపాలకృష్ణమూర్తి ఒక పది రూపాయల బిళ్ల ముందుకు జరిపాడు.

నెల కిందట ఆనందరావు ఒక విదేశీ ముఠా మనిషిని పట్టుకున్నప్పుడు దొరికిన బిళ్ల అది. అప్పట్నుంచి ఆయన జేబులోనే ఉండేది. ముఠా పంపే కొరియర్‌కు ఇక్కడి మనుషుల ముఖాలు తెలియవు. ఈ బిళ్ల ఎవరు తెస్తే వాళ్లే తనవాళ్లు. మింట్‌లో ఒక వైపు అచ్చు తిరిగిపోయినప్పుడు పడ్డ బిళ్ల. సింహాలను నిటారుగా పట్టుకుని పక్కకు తిప్పి చూస్తే, వెనక పది అంకె పక్కకు వాలి కనిపిస్తుంది. అలాంటిది ఇంకొకటి దొరకాలంటే ఎన్ని లక్షల బిళ్లలు వెతకాలో.

"ఇది గాదు సార్," అంది వాగ్దేవి.

"అంకె వాలే ఉంది కదమ్మా?"

"వాలింది. కానీ అచ్చు తిరిగితే ఏ ముఖానికా ముఖం సీదాగనే ఉంటది సార్. రెండూ కలిపి చూస్తెనే వంకర. ఇండ్ల సింహాలే ఒరిగినయ్, చూడుండ్రి. సుట్టూ రింగు మీది అక్షరాలు నిలబడ్డయ్, నడుమ సింహాలు పండుకున్నయ్. నడిమి ముక్కను బయటికి నూకి, తిప్పి, మళ్ల దిగ్గొట్టిండ్రు. ఇది మింట్ తప్పు గాదు. మనిషి తప్పు."

చీఫ్ రిజిస్టర్ తెరిచాడు. శవం జేబులు వెతికి, చిల్లర కవర్‌లో పెట్టి సీల్ వేసినట్టు ఒక్క సంతకమే ఉంది. మేధ.

డిపార్ట్‌మెంట్ మొత్తంలో పట్టుచీర మీద నల్లకళ్లద్దాలు నప్పేది మేధకొక్కదానికే. అంత్యక్రియల్లో అందరికంటే ఎక్కువ ఏడ్చింది కూడా ఆమే. అంత ఏడుపులోనూ కాటుక చెదరలేదని వాగ్దేవి ఆ రోజే గమనించింది.

చీఫ్ కంప్యూటర్‌లో ఏదో చూసి నెమ్మదిగా తలెత్తాడు. "విదేశంలో ఉన్న మన పదకొండు మంది పేర్లు... పోయిన వారం ఈ అమ్మాయి కాపీ చేసుకుంది. అది సరిహద్దు దాటితే పదకొండు మందీ పోతారు. ఇప్పుడే అరెస్ట్ చేద్దాం."

"చేస్తే కొరియర్ జారిపోతడు సార్. కాపీ ఏడ దాచిందో మనకు తెల్వదు. గీ బిళ్ల కోసం ఆనందరావు సార్‌ను చంపిన ఆమెను నాకిడ్సిపెట్టుండ్రి."

"నీ గొంతులో డ్యూటీ వినపడట్లేదమ్మాయ్."

"లేదు సార్. పగనే ఉన్నది."

చీఫ్ ఆ దొంగబిళ్లను ఆమె చేతిలో పెట్టాడు.

మేధ వెనక మనుషులను పెట్టారు. గురువారం నుంచి మూడు రోజులు వరసగా పదకొండు గంటలకు ఆమె పాతబస్తీ గుల్జార్ హౌజ్ దగ్గర ఆగయ్య సోడా బండికి వచ్చింది. నిమ్మసోడా తాగడం, ఫోన్‌తో డబ్బు కొట్టడం, నాలుగు వైపులా చూసి వెళ్లడం. దాహానికి వచ్చే మనిషి నాలుగు వైపులా చూడదు. ఇది రిహార్సల్.

శనివారం నుంచే బండి పక్కన ఒకామె పిన్నీసులు, జడపిన్నులు పరుచుకుని కూర్చుంది. బుగ్గల్లో దూది, పళ్లకు పాన్ మరక, నెత్తిన కొంగు. జడలో ఒక పిన్ను మాత్రం మైక్రోఫోన్. కన్నతల్లి వచ్చినా వాగ్దేవిని గుర్తుపట్టేది కాదు.

ఆదివారం. పదకొండు కొట్టింది. మెడలో కెమెరా, తలమీద టోపీ పెట్టుకున్న టూరిస్ట్ ఒకడు బండి దగ్గర నిలబడ్డాడు. మేధ వచ్చి సోడా తాగి, బిళ్ల ఆగయ్యకు అందించింది. ఆమె ఇచ్చిన బిళ్ల పక్కవాడికి, అంటే టూరిస్ట్ వేషంలో ఉన్న కొరియర్‌కు, చిల్లరగా పోవాలి. ప్లాన్ అంతే.

"పది కాయిన్ నడ్వదు మేడం," అన్నాడు ఆగయ్య.

"ఎందుకు నడవదు? గవర్నమెంట్ డబ్బు ఇది!"

"గవర్నమెంటుకు నడుస్తది. ఈడ నడ్వదు. రోజు ఫోన్ కొడ్తరు గద, గట్లనే కొట్టుండ్రి."

ఏ దేశంలోనో ఏసీ గదిలో కూర్చుని ప్లాన్ గీసినవాళ్లకు పాతబస్తీ సంగతి తెలియదు. పది రూపాయల బిళ్ల చెల్లదని ఎప్పుడో పుట్టిన పుకారు ఎవరెంత చెప్పినా ఇక్కడ చావలేదు. వాగ్దేవి దాన్నే నమ్ముకుని ఎండలో కూర్చుంది.

"మీరు తీసుకోవాలి అంతే!" మేధ గొంతు పెరిగింది. నలుగురు తిరిగి చూశారు.

"ఏంది మేడం లొల్లి? ఇగో, ఈ అక్కనడుగుదాం. అక్కా, గీ కాయిన్ నడుస్తదా?"

బిళ్ల వాగ్దేవి ఒళ్లో పడింది. సింహాలు నిటారుగా నిలబడి ఉన్నాయి. తిప్పింది. అంకె వాలింది. అసలుదే. చనిపోయిన మనిషి జేబులోంచి తీసినదే. ఆమె దాన్ని కొంగుతో తుడిచింది, కళ్లకు దగ్గరగా పెట్టుకుంది, పెదవి విరిచింది.

"నడ్వదన్నా. ఖోటా, దొంగది ఉన్నట్టున్నది."

ఆగయ్య చేతికి తిరిగి వెళ్లింది ఇంకో బిళ్ల.

ఓపిక నశించిన టూరిస్ట్ ఒక నోటు ఆగయ్య ముందుంచి, నవ్వుతూ ఆ బిళ్లను లాక్కున్నాడు. "సావనీర్!" తిప్పి చూశాడు. మళ్లీ చూశాడు. అక్షరాల మధ్య సింహాలు పక్కకు ఒరిగి ఉన్నాయి. ముఖంలో నవ్వు ఆరిపోయింది. దొంగ టోకెన్ తెచ్చిందంటే ఈమె పోలీసు ఎర.

మేధకు అదేమీ తెలియదు. లిప్‌స్టిక్ అతనికి అందించబోయింది. పదకొండు పేర్లున్న మెమరీ కార్డ్ దాని మూతలో ఉంది. అతను దాన్ని ముట్టుకోలేదు. జేబులోని పెన్ను తీశాడు. క్యాప్ ఊడింది. కొసన పాళీ లేదు, సూది ఉంది.

వాగ్దేవి అంతా చూస్తోంది. అదే రకం సూది. మేధ మెడ మీద అదే చోటు. తను కదలకపోతే చాలు, అడిగేవాడు లేడు. సూది జానెడు దూరానికి వచ్చింది. బెత్తెడుకు వచ్చింది.

చస్తే తప్పించుకుపోతుంది.

వాగ్దేవి విసిరిన గోలీసోడా సీసా గాలిలో లేచి అతని మణికట్టు మీద పగిలింది. పెన్ను రోడ్డున పడింది. పక్క కొట్లో ముత్యాల బేరమాడుతున్నట్టు నటిస్తున్న ఇద్దరు ఆఫీసర్లు అతనిమీద దూకారు. వాగ్దేవి లిప్‌స్టిక్ లాక్కుని, బుగ్గల్లో దూది ఉమ్మేసింది.

"వాగ్దేవీ, నువ్వా!" మేధ ఒక అడుగు వెనక్కి వేసింది. "నన్ను కాపాడావు!"

"కాపాడలే. పట్టుకున్న."

"నాకు... నాకు లాయర్ కావాలి."

"పిలుస్తం. ఫికర్ జెయ్యకు. ఆనందరావు సార్‌కు డాక్టర్‌ను పిలిచెతందుకు నువ్వు టైం ఇయ్యలే గానీ, నీకు మస్తు టైం ఇస్తం."

"చంపేయొచ్చుగా మీరంతా కలిసి!" మేధ కాటుక మొదటిసారి చెంపల మీదికి జారింది.

"ఎవరెవరికి ఏం అమ్మినవో మొత్తం చెప్పాలె గద. రోజూ నేనే వస్త."

వ్యాన్ ఎక్కేటప్పుడు తలుపు రేకు తగలకుండా వాగ్దేవి మేధ నెత్తిమీద చెయ్యి అడ్డం పెట్టింది. ఆ తల మీద ఇంత శ్రద్ధ మేధ కన్నవాళ్లు కూడా పెట్టి ఉండరు.