కొంచెం మురికి కావాలి

మధ్యాహ్నం బెల్లు కొట్టారు. ఆరో తరగతి పిల్లలంతా వరండాలో గుంపులు గుంపులుగా కూర్చున్నారు. రేఖ మాత్రం మెట్ల చివర, గోడ వైపు తిరిగి టిఫిన్ బాక్సు తెరిచింది.

అందులో పప్పన్నం. రోజూ పప్పన్నమే. వాళ్లమ్మ భారతి శ్రీకాకుళం మార్కెట్లో చేపలు అమ్ముతుంది. ఇంట్లో చేపకి కరువు లేదు. కానీ బడి తెరిచిన కొత్తలో ఎవరో ముక్కు మూసుకుని, "అబ్బా, నీచు వాసన!" అన్నారు. ఆ రోజు నుంచి రేఖ బాక్సులోకి చేప రాలేదు, రేఖ పక్కకి ఎవరూ రాలేదు. నిజం చెప్పాలంటే, ఎవరైనా వచ్చేలోపే రేఖే లేచి వెళ్లిపోయేది.

ఇవాళ మాత్రం రేఖ లేచేలోపే అదే తరగతి శైలజ వచ్చి కూర్చుంది.

"నీ సైన్సు నోట్సులో చేపల ట్యాంకు బొమ్మ చూశాను. మీ ఇంట్లో గోల్డ్‌ఫిష్‌లు ఉన్నాయా? మా ఇంట్లోనూ ఉన్నాయి. నీళ్లు శుభ్రం చేసే ఫిల్టరు వైజాగ్‌లో కొన్నాం. మరి మీది?"

"కొన్నది కాదు. మా నాన్న చేసినాడు."

"ఇంట్లోనా? నీళ్లు కారవా?"

"కారవు."

"అయితే నేను చూడాల్సిందే. ఆదివారం సాయంత్రం వస్తా!"

రేఖ బాక్సు మూత పెట్టేసింది. నౌపడ దగ్గర ఊరి నుంచి శ్రీకాకుళంలో అద్దె ఇంటికి వచ్చి ఏడాదయింది. ఇంతవరకూ రేఖ కోసమని ఆ గడప తొక్కినవాళ్లు లేరు.

నాన్న ఎల్లాజీ గుజరాత్‌లో వేట బోట్ల మీద పని చేస్తాడు. వెళ్లే ముందు రేఖని ఫిల్టరు కొందామని దుకాణానికి తీసుకెళ్లాడు. ధర విని ఇద్దరూ గమ్మున బయటికొచ్చేశారు.

"బోటుకే కారకుండా అతుకేసినోణ్ణి. డబ్బా ఓ లెక్కా?" అన్నాడు నాన్న.

పెద్ద మూత డబ్బాకి రెండు చిల్లులు పెట్టి, పైపులు దూర్చి, బోటుకి వేసే జిగురుతో అతుకు వేశాడు. లోపల స్పాంజి, గిన్నెలు తోమే పీచు, గులకరాళ్లు రేఖే పేర్చింది. ట్యాంకు నీళ్లు డబ్బాలోకి దిగి, వాటన్నిటినీ దాటుకుని, చిన్న మోటారుతో మళ్లీ పైకెక్కుతాయి. ఒక్క చుక్క కారలేదు.

"అప్పుడప్పుడు ఇప్పి కడగాల. కడిగీ కడగనట్టు కడగాల," అన్నాడు నాన్న బ్యాగు భుజానికెత్తుకుంటూ.

"అంటే ఏటి నాన్నా?"

ఈలోగా ఆటోవాడు హారన్ కొట్టాడు. ఆ మాటకి అర్థం చెప్పకుండానే నాన్న వెళ్లిపోయాడు. బోటు సముద్రంలో ఉంటే ఇరవై రోజులైనా ఫోను కలవదు. అమ్మ మార్కెట్లో ఉంటే ఇంట్లో ఆ మోటారు గుర్రుమనే చప్పుడొక్కటే. రేఖ ట్యాంకు ముందు కూర్చుని మూడు చేపలకీ బడి కబుర్లు చెప్పేది. అన్నిటికన్నా పెద్దది బంగారి. అది అద్దం దగ్గరికొచ్చి నోరు తెరిచి వినేది. వినకేం చేస్తుంది పాపం!

శనివారం రేఖ ఇల్లంతా ఊడ్చింది. చేపల గంపని పెరట్లోకి తోసేసింది. నాలుగు అగరొత్తులు ఒక్కసారే వెలిగించింది. అప్పుడు ఫిల్టరు మూత తీసింది.

స్పాంజి నిండా గోధుమరంగు జిగట. వాసన కూడా. "ఛీ, నీచు! శైలజ ఇది చూస్తే మళ్లీ వస్తాదా?" అనుకుంది. కుళాయి కింద పెట్టి, సబ్బు పొడి వేసి, మూడుసార్లు రుద్దింది. స్పాంజి కొత్తదానిలా తెల్లబడింది. రాళ్లు మిలమిల మెరిశాయి. దుకాణంలో ఫిల్టరు దీని ముందు దిగదుడుపే అనిపించింది.

ఆదివారం పొద్దున్న లేచేసరికి చిన్న చేప ఒకటి వెల్లకిలా తేలుతోంది. రెండోది పైకొచ్చి నోరు తెరుచుకుని ఎగపోస్తోంది. బంగారి అడుగున ఒక పక్కకి ఒరిగిపోయింది.

రేఖ నాన్నకి ఫోను చేసింది. కలవలేదు. మళ్లీ చేసింది. కలవలేదు. అమ్మ తెల్లవారకముందే మార్కెట్‌కి వెళ్లింది. చెప్పుకోవడానికి మనిషి లేదు. ఇన్నాళ్లూ కబుర్లన్నీ చెప్పింది ఈ చేపలకే. అద్దానికి నుదురు ఆనించి ఏడ్చింది.

పది గంటలకి అమ్మ వచ్చింది.

"ఓలమ్మో, ఏటయినాదే?"

"ఫిల్టరు కడిగినానమ్మా. సబ్బేసి. శుభ్రంగా."

అమ్మ బకెట్లో నిలవున్న నీళ్లు తెచ్చింది. ట్యాంకులో సగం నీళ్లు తోడేసి అవి పోసింది. ఆ పని చేస్తూనే అంది:

"సేపలు కడిగిన నీళ్లు ఏటి సేస్తాను నేను?"

"ఆనప పాదుకి పోస్తావు."

"ఎందుకు పారబోయను?"

"పాదుకి బలం."

"మరి? నీచంటే వాసనొక్కటేనేటి? అందులో పేణం ఉన్నాది. మీ నాన్న సెప్పేవోడు, ఆ జిగటలో కంటికి అవుపడని పురుగులున్నాయట. సేపల మలం అవే తింటాయట. నువ్వు వాటిని సబ్బేసి సంపేసినావు."

కడిగీ కడగనట్టు. రేఖకి ఇప్పుడు తెలిసింది.

"ఆ జిగట మళ్లీ ఎప్పుడొస్తాదమ్మా?"

"నెలైనా పడతాది. అంతవరకు ఇవి ఆగాల గదా."

రేఖ బంగారి వైపు చూసింది. మొప్పలు నెమ్మదిగా కదులుతున్నాయి. పాత జిగట ఎవరి దగ్గరుంటుంది? ఊళ్లో రేఖకి తెలిసిన ఫిల్టరు ఇంకొకటే ఉంది.

మూత సీసా ఒకటి పట్టుకుని పరుగెత్తింది. బడి దారిలో ఉన్న శైలజ వాళ్ల గేటు దగ్గర ఆగిపోయింది. రెండుసార్లు వెనక్కి తిరిగింది. ఏమని అడగాలి? పెన్సిలు అడగొచ్చు, నోట్సు అడగొచ్చు. ఇదెవరైనా అడుగుతారా?

బెల్లు నొక్కింది. శైలజ తలుపు తీసింది.

"మీ ఫిల్టర్లో మురికి... కొంచెం ఇస్తావా?"

శైలజ ఫక్కున నవ్వింది. రేఖ కళ్లు చూసి నవ్వు ఆపేసింది. జరిగిందంతా విన్నది.

"మాది కొన్నదే," అంది మెల్లగా. "మొదటి వారంలోనే ఆరు చేపలు చచ్చిపోయాయి. కొత్త ఫిల్టరు తళతళలాడుతూనే ఉంది, చేపలు పోతూనే ఉన్నాయి. చివరికి దుకాణం ఆయన పాత స్పాంజి పిండి మురికి నీళ్లిచ్చాడు. అప్పుడు ఆగింది. రా!"

ఇద్దరూ శైలజ ఫిల్టరు విప్పారు. కొన్న ఫిల్టరు లోపల కూడా అదే గోధుమరంగు జిగట, అదే వాసన. స్పాంజి సీసాలోకి పిండారు.

"నేనూ వస్తా," అంది శైలజ. సాయంత్రం దాకా ఆగమని రేఖ అనలేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ పెరట్లో చేపలు కడుగుతోంది. శైలజ ముక్కు చిట్లించింది. "ఏంటీ వాసన?"

రేఖకి అగరొత్తులు గుర్తొచ్చాయి. అవి నిన్ననే అయిపోయాయి.

"నీచు," అంది రేఖ. "మాయమ్మ సేపలు అమ్ముతాది. ఆ నీళ్లు పాదుకి పోస్తాం. సూడు, కాయలెంతున్నాయో."

శైలజ పాదు వంక చూసింది. "అబ్బో!" అంది, అంతే. సబ్బు పోయేదాకా స్పాంజిని, రాళ్లని నిలవ నీళ్లలో జాడించారు. తెల్లటి స్పాంజి మీద సీసాలో మురికి పోసి మోటారు వేశారు. గుర్రుమంది.

చచ్చిపోయిన చిన్న చేపని ఇద్దరూ ఆనప పాదు మొదట్లో పూడ్చారు. రెండోది సాయంత్రానికి ఈదింది. బంగారి మర్నాడు పొద్దున్న అద్దం దగ్గరికొచ్చింది.

వారం తరవాత నాన్న ఫోను కలిసింది.

"ఫిల్టరు ఎలాగున్నాది తల్లీ?"

"మురిగ్గా ఉన్నాది నాన్నా!" అంది రేఖ గర్వంగా.

ఆ మర్నాడు అమ్మ టిఫిన్ బాక్సులో పప్పు వేయబోతుంటే రేఖ గరిటె పట్టుకుని ఆపింది.

"రాత్రి సేపల పులుసు ఉన్నాది గదమ్మా, అది పెట్టు. రెండు ముక్కలు పెట్టు. శైలజకొకటి."