ఐదు మిల్లీసెకన్ల కుట్ర

గడియారాల ఇంజనీరును పట్టపగలు, ఆఫీసు లిఫ్టులోనే కాల్చి చంపారు. సబ్‌స్టేషన్లన్నిటికీ ఫైబర్ మీద టైము పంపే విభాగం ఆయనది. జేబులో దొరికిన కాగితం మీద రెండే ముక్కలు: "టైము వచ్చే దారిలో పెట్టె పెట్టారు. పదకొండు నలభై."

"ఏమైనా అర్థమైందా?" విసుగ్గా అడిగాడు చీఫ్. అప్పటికి పదకొండు దాటి ఐదు నిమిషాలు.

ఏజెంట్ జిగురుకి అర్థమైంది. పట్టుకుంటే వదలడని డిపార్ట్‌మెంటు పెట్టిన పేరది. ఈ ఉద్యోగంలోకి రాకముందు పదేళ్ళు ఫైబర్లు అతికి బతికాడు.

"సబ్‌స్టేషన్ గడియారానికి రెండు ఫైబర్లు సార్. ఒకదాంట్లో టైము వస్తుంది, రెండోదాంట్లో జవాబు పోతుంది. రెండు దారులూ సమానమని దాని గుడ్డి నమ్మకం. వచ్చే దారిలో మాత్రమే సిగ్నల్‌ని పది మిల్లీసెకన్లు ఆపితే, గడియారం ఐదు మిల్లీసెకన్లు వెనకబడుతుంది. అలారం కూడా మోగదు."

"బోడి ఐదు మిల్లీసెకన్లకి ఇంత గొడవా?"

"పదకొండు నలభైకి రెండు గ్రిడ్లు కలుపుతున్నారు. కరెంటు అల మొత్తం ఇరవై మిల్లీసెకన్లే. టైము తప్పితే రెండు వైపుల అలలూ కలవవు. కలవకుండా స్విచ్ పడితే ట్రాన్స్‌ఫార్మర్ పేలిపోతుంది. ఆపించండి సార్!"

"మనం భయపడి ఆపాలన్నదే వాళ్ళ ప్లాన్. వాళ్ళలో కలిసిపోయిన మన ఏజెంట్ నెమలి రిపోర్టు ఇచ్చింది. నాలుగేళ్ళుగా ఆమె మాట తప్పలేదు. నీ అనుమానాలకి నగరం కరెంటు తీసెయ్యమంటావా? వెళ్ళి చూసుకో. నోరు మాత్రం మూసుకో."

చీఫ్ మీద పీకల్దాకా కోపంతో జిగురు బైకెక్కాడు. ఒంటి మీద పాత టెక్నీషియన్ యూనిఫాం. సగం దారిలో ఆగి ఒక నెంబరు కొట్టాడు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫోర్‌మన్ స్వయానా అతని బావ. అక్క పెళ్ళికి రాలేదని ఆరేళ్ళుగా మాటల్లేవు. ఆ రోజు ఏ దేశంలో ఎవరి గోడ దూకుతున్నాడో చెప్పే వీల్లేదు మరి. బావ అతని నెంబరు బ్లాక్ చేసి పెట్టాడు.

పదకొండు ముప్ఫై ఒకటి. యార్డు గేటుకి తాళం. స్విచ్ పడేదాకా ఎవరినీ లోపలికి రానివ్వరు. కంచె పట్టుకుని అరిచాడు.

"బావా! అక్కణ్ణించి వచ్చెయ్! ట్రాన్స్‌ఫార్మర్ పేలుతుంది!"

బావ తల తిప్పి చూశాడు. గుర్తుపట్టాడు. హెల్మెట్ సర్దుకుని వీపు చూపించాడు.

కంచెకి ఇవతల, నలభై అడుగుల దూరంలో గడియారం గది. లోపల ఎవరో ఉన్న అలికిడి. తలుపు తట్టి డిపార్ట్‌మెంటు రహస్య కోడ్ చెప్పాడు జిగురు.

"తీగ తడిసిందా?"

"ఆరేశాను," అంది లోపల్నుంచి తియ్యటి గొంతు.

నెమలి! నల్ల కళ్ళద్దాలు తలమీదికి నెట్టుకుని, భుజాన బ్యాగుతో బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. అతన్ని చూడగానే పౌడర్ డబ్బాలోంచి బొటనవేలంత పిస్తోలు తీసింది. లిఫ్టులో ఇంజనీరుని కాల్చిందెవరో అప్పుడు తెలిసింది జిగురుకి. విరిగిన ఫైబర్ని వెతికే ఎర్ర లేజర్ పెన్ను ఆమె కళ్ళలోకి కొట్టాడు. గుండు గోడకి తగిలింది. పిస్తోలు లాక్కుని, తలుపుకి తాళం వేసి, తాళంచెవి కిటికీ ఊచల్లోంచి బయటికి విసిరేశాడు.

"పిచ్చెక్కిందా నీకు?"

"ట్రాన్స్‌ఫార్మర్ పేలితే ఈ గది కూడా మిగలదు. ఐదు నిమిషాలుంది. కూర్చో."

ఆమె కూర్చోలేదు. రాక్‌లో టిఫిన్ డబ్బా అంత పెట్టె కేసి చూసింది. "అయితే పీకెయ్, చూద్దాం!"

"పీకితే టైము రావడం ఆగుతుంది. తిరిగి కలిపినా గడియారం పావుగంట దాకా ఉన్న తప్పునే పట్టుకుని కూర్చుంటుంది. నాకు తెలీదనుకున్నావా? స్పేర్ తియ్యి."

"ఏ స్పేర్?"

"స్పేర్ లేకుండా సైట్‌కి ఎవరొస్తారే? నేనూ ఈ పనిలోంచే వచ్చాను. తియ్యి!"

గోడ గడియారం పదకొండు ముప్ఫై ఎనిమిది చూపించింది. నెమలి మొహం పాలిపోయింది. తిట్టుకుంటూ బ్యాగులోంచి అచ్చం అలాంటిదే ఇంకో పెట్టె తీసి అతని మీదికి విసిరింది.

జవాబు పోయే ఫైబర్ మూడు సెకన్లు లేకపోయినా గడియారం ఓర్చుకుంటుంది. జిగురు దాన్ని లాగి, మధ్యలో పెట్టె పెట్టి, రెండు కొసలూ నొక్కాడు. ఇప్పుడు రెండు దారుల్లోనూ ఒకే ఆలస్యం. రెండు వైపులా సమానంగా అబద్ధం చెప్పేసరికి గడియారం నిజం లెక్క కట్టింది. తెరమీద అంకె మెల్లగా దిగింది. ఐదు. మూడు. ఒకటి. సున్నా.

యార్డులో స్విచ్ ధబ్బున పడింది.

జిగురు కళ్ళు మూసుకున్నాడు. ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పటిలాగే గుంయ్‌మంటోంది.

కాసేపటికి బయట బూట్ల చప్పుడు, తాళం తిరిగిన చప్పుడు. గుమ్మంలో బావ. ఒకసారి జిగురుని, ఒకసారి చెదిరిన జుట్టుతో ఉన్న నెమలిని చూశాడు.

"పేలుతుంది, పారిపో అని నన్ను తరిమింది ఇందుకా? ఆడమనిషిని లోపల పెట్టుకుని తాళం వేసుకోడానికా? సిగ్గులేదట్రా? మీ అక్కకి చెప్తానుండు!"

ఆరేళ్ళ తర్వాత బావ తిడుతున్నాడు. బతికున్నాడు కాబట్టి తిడుతున్నాడు. జిగురు నెమలి చేతులకి బేడీలు వేశాడు.

రెండు నిమిషాలు తిరక్కుండానే అక్క ఫోన్ వచ్చింది. ఆ లైనులో ఆలస్యం పుట్టించే పెట్టె ఇంతవరకూ ఎవరూ తయారుచెయ్యలేదు.