నొప్పి లేని తల

...నొప్పి లేదు. అంటే ఈ రోజుకి గండం లేదన్నమాట. కళ్ళు తెరవకముందే ఆదిబాబు తలలో మూలమూలలా వెతుక్కున్నాడు. లేదు. అయితే బీపీ మాత్ర అక్కర్లేదు. నొప్పి ఉన్న రోజే మాత్ర. కొలిమి దగ్గర చెమట పోతుందని అందరూ తాగే ఉప్పునీళ్ళు మాత్రం రోజూ.

కార్ఖానా డ్యూటీకి వెళ్తుంటే బారిడీహ్ బస్తీలో వాన పట్టుకుంది. డిస్పెన్సరీ వరండాలోకి పరుగెత్తాడు. బల్ల వెనక నర్సు పద్మకుమారి. చూసీ చూడనట్టు నవ్వింది.

"ఏటి, వానకొచ్చేవా, నాకోసమొచ్చేవా?"

"వానకే."

"ఆర్నెల్లయింది నీ కార్డు మీద అంకె పడి. చెయ్యి ఇలాగియ్యి."

"తలనొప్పే లేదు, బీపీ ఎక్కడిది? అయినా నువ్వు పట్టుకుంటే ఎవుడికి పెరగదు?"

"సాల్లే డైలాగులు. మీ నాన్నకీ నేనే పెంచీసేనేటి?"

అనేసి నాలుక కరుచుకుంది. ఆదిబాబు తండ్రి అసిరయ్య కొలిమి ముందు కూలిపోయి, ప్రాణం పోయి రెండేళ్ళు.

మెల్లగా అడిగింది. "మీ నాన్నకి తలనొప్పి ఉండీదా?"

ఆదిబాబు వెతుక్కున్నాడు. రెండు చేతులతో తల పట్టుకుని "పగిలిపోతంది రా" అన్న తండ్రే కనిపించాడు. ఆ ఒక్క మాటని ఇన్నాళ్ళు తవ్వుకుంటూ, దాని వెనకున్న ఏళ్ళన్నీ మరిచిపోయాడు. బియ్యం బస్తా భుజాన వేసుకుని నవ్వుతూ వచ్చిన ఏళ్ళు.

"లేదు. ఎప్పుడూ లేదు. ఆ ఒక్క రోజే."

"మరదే. తల నొప్పెట్టీదాకా ఆగితే ఆలీసమైపోద్ది. తలని అడక్కు, దీన్నడుగు." బీపీ మిషన్ ముందుకు జరిపింది.

"ఎక్కువుంటే?"

"రోజూ మాత్రేసుకుంటావు. ఉప్పునీళ్ళు మానేత్తావు."

"అది కాదు. మా నాన్నకున్నంత ఉంటే... నిన్ను అడుగుదామనుకున్నది అడగను."

వాన రేకుల మీద గట్టిగా పడుతోంది. పద్మకుమారి బల్ల మీది బీపీ పట్టీని మడిచింది, మళ్ళీ విప్పింది.

"గమ్హరియా నుంచొచ్చిన పెళ్ళి సంబంధం వద్దనీసేను. మా అమ్మ రెండ్రోజులై నాతో మాటాడ్డం లేదు. ఎవుడికోసం ఆగేనో, ఆడి బీపీ ఎంతో నాకు తెలీక్కర్లేదా?"

కార్ఖానా సైరన్ మోగింది. ఆదిబాబు కదల్లేదు. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. తలలో మాత్రం ఏ నొప్పీ లేదు. ఆ నిశ్శబ్దానికి అతనికి మొదటిసారి భయం వేసింది.

తడిసిన చొక్కా చెయ్యిని మోచేతి పైదాకా మడిచి, చేతిని ఆమె ముందు బల్ల మీద పెట్టాడు.